తలపునకు తావు

గోదావరికి ఉత్తరపుటొడ్డున, సత్మాల కొండలు మైదానమునకు దిగివచ్చు అంచున ఖానాపూర్ ఉన్నది. 2016 అక్టోబరు వరకు ఆదిలాబాదు జిల్లాలోనిదై, నాటినుండి నిర్మల్ జిల్లాలోనిదైన ఈ ఊరికి దక్షిణమున నది దాటినచో పూర్వపు కరీంనగరు సీమ. ఉత్తరమున కడెము, ఉట్నూరు, ఇంద్రవెల్లి, జైనూరుల మీదుగా సాగు కొండలలో రాజగోండులు, కోలాములు, ప్రధానులు, తోటీలు తరతరములుగా వసించు సీమ. శాసనములను, తాళపత్రములను, కైఫీయతులను మాత్రమే చరిత్రకు ఆధారములుగా ఎంచు విద్వాంసునకు ఆ కొండలలో దొరకునది స్వల్పము. అట్లని వారికి చరిత్ర లేదనుకొనుట అన్యాయము. వంశముల పుట్టుక, దేవతల రాకపోకలు, వీరుల చావులు, పెండ్లి పొత్తులకు మూలమైన విభాగములు, ఇవి యన్నియు గోండుల వంశగాయకులైన ప్రధానుల కంఠములందు భద్రముగా నుండెను. ఐతే ఆ కంఠములు ఎప్పుడు పడిన నప్పుడు, ఎవరడిగిన వారికి విచ్చుకొనునవి కావు. వానికి ఒక మాసము కావలయును, ఒక తావు కావలయును, ఒక వాద్యము కావలయును, పిలుచు యజమాని కావలయును. ఈ వ్యాసమున నేను చెప్పదలచినది ఆ కథల సారము కాదు. అవి ఏయే నిమిత్తములచే తలపునకు వచ్చుచుండెనో, ఆ నిమిత్తములు తొలగగా ఎట్లు మరపున పడుచున్నవో, ఆ వృత్తాంతము.

గోండు సమాజము నాలుగు సగలుగా విభక్తమైయున్నది: ఏడుగురన్నదమ్ములది యొకటి, ఆరుగురిది యొకటి, ఐదుగురిది యొకటి, నలుగురిది యొకటి. ఒకే సగకు చెందినవారు తమలో తాము సోదరులు. పెండ్లి సంబంధము అన్య సగతోడనే. ప్రతి సగకును తనదైన పుట్టుకకథ గలదు. ప్రతి వంశమునకును పెర్సపేన్ అను పెద్దదేవర గలదు. ఆ దేవరకు చిహ్నములుగా ఇనుప బల్లెపుమొనయు, చామరమును ఉండును. ఆ వంశమునకు అనువంశికముగా కట్టుబడిన ప్రధాను కుటుంబమొకటి యుండి, పుష్యమాసమునను వైశాఖమునను దేవర పూజ జరుగునపుడు వచ్చి, కిక్రి వాయించుచు, తోడివారు పెప్రె, కాలికోము ఊదుచుండగా, రాత్రి యంతయు ఆ వంశచరిత్రను గానము చేయుచుండెను. గుహలో బంధింపబడిన గోండు దేవతలను పహండి కుపార్ లింగాల్ విడిపించిన కథయు, వారిని సగలుగా విభజించిన కథయు, ఒక్కొక్క వంశము తన దేవరను పొందిన కథయు అచ్చటనే వినబడవలెను. వంశీయులు వినువారే కాని చెప్పువారు కారు. తమ చరిత్ర పూర్తిగా తెలిసినవాడు తమ వంశమువాడు కాడు. అంతకంటె విశేషము, ప్రధానుల ఇంటిభాష మరాఠీ కాగా, గానము సాగునది గోండీలో. ఇంటిలో ఆలుబిడ్డలతో మాటలాడునపుడు నోట రాని భాష, కిక్రి తంత్రులపై కమాను పడగానే ధారగా వచ్చుచుండెనన్నమాట.

ఆ గానమునకు కర్మకాండతో గల పొత్తు మిక్కిలి గాఢమైనది. దేవర చిహ్నములను దాచిన చోటినుండి తెచ్చుట, నీట కడుగుట, బలి యిచ్చుట, సగల సంఖ్య ననుసరించి నైవేద్యములు పెట్టుట, ఈ క్రియలలో పెక్కింటికి కథలోని ఒక్కొక్క ఘట్టము మూలము. అందుచేత క్రియ కథను గుర్తు చేయును, కథ క్రియను గుర్తు చేయును. గాయకుడు తరువాతి ఘట్టమునకై మనస్సులో వెదుకుకొన నక్కరలేదు. కనులయెదుట జరుగుచున్న పూజయే అతనిని ముందునకు నడిపించును.

మరపును గూర్చి మన శాస్త్రకారులు ఏమి తలచిరో ఇచ్చట కొంచెము చూడవలసి యున్నది. అనుభవము వలన ఆత్మయందు సంస్కారము నిలుచుననియు, ఆ సంస్కారము ఉద్బుద్ధమైనపుడే స్మృతి కలుగుననియు నైయాయికుల మతము. సంస్కారము ఉన్నంత మాత్రమున స్మృతి కలుగదు. మేల్కొలుపు నిమిత్తము కావలయును. గౌతముని న్యాయసూత్రములలో మూడవ అధ్యాయము రెండవ ఆహ్నికమున ఒక సూత్రము అట్టి నిమిత్తములను ఇరువదికి మించి వరుసగా చెప్పినది: ఏకాగ్రత, అభ్యాసము, చిహ్నము, సాదృశ్యము, ఆశ్రయాశ్రిత సంబంధము, ఒకదాని వెంట ఒకటి వచ్చుట, వియోగము, విరోధము, సుఖదుఃఖములు, భయము, క్రియ మున్నగునవి. ఈ పట్టికను ప్రధానుని గానము ప్రక్కన పెట్టి చూచినచో, ఆ సూత్రకారుడు ఈ కొండలలోని గోండు గ్రామములగు కేస్లాపూరులోనో మార్లవాయిలోనో కూర్చుండి వ్రాసెనా యనిపించును. బల్లెపుమొన చిహ్నము, యజమానికి గాయకునకు గలది ఆశ్రయాశ్రిత సంబంధము, పూజావిధి వరుస ఒకదాని వెంట ఒకటి వచ్చుట, చనిపోయిన పెద్దలు వంశదేవతతో కలియుదురను నమ్మికతో చేయు కర్మలందు వియోగము.

పాశ్చాత్య దేశముల మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు ఈ విషయమునకు ప్రయోగముల ద్వారా వచ్చిరి. 1885లో జర్మనీలో ఎబ్బింగ్‌హౌస్ అర్థములేని అక్షరగుచ్ఛములను వల్లించి, కాలము గడచుకొలది అవి యెట్లు జారిపోవునో లెక్కించినది మొదలు చాల కాలము మరపు అనగా క్షయమే యను భావము ప్రబలముగా నుండెను. ఎస్తోనియాలో జన్మించి, కెనడాలోని టొరాంటో విశ్వవిద్యాలయమున పనిచేసిన ఎండెల్ టల్వింగ్, తన సహచరురాలు పెర్ల్‌స్టోన్‌తో కలిసి 1966లో ప్రకటించిన ప్రయోగము ఆ భావమును కదలించినది. ఉన్నతపాఠశాల విద్యార్థులకు వర్గముల వారీగా కూర్చిన పదముల పట్టికలు వినిపించిరి. అందు కొన్నింట 48 పదముల వరకు ఉండెను. తరువాత కొందరిని ఏ సాయమును లేకుండ గుర్తున్నవి వ్రాయుమనిరి. మరికొందరికి ఆ వర్గముల పేర్లు ఇచ్చిరి. పేర్లు అందుకొన్నవారు ఎన్నో యెక్కువ పదములు వ్రాసిరి. సాయము లేక వ్రాసినవారికి సయితము పిమ్మట వర్గముల పేర్లు చూపగా, అంతకు ముందు రానివి పెక్కు వచ్చినవి. మనస్సులో ఉండుట వేరు, చేతికందుట వేరు అని దీనివలన స్పష్టమైనది. 1974లో టల్వింగ్ వ్రాసిన వ్యాసమొకటి ఈ విధమగు మరపునకు సూచన లోపించుటయే కారణమని విశదముగా నిరూపించినది.

1966 నాటి ఆ ప్రయోగమున మరియొక చిన్న విశేషము గలదు. దానిని పలువురు చూచి విడిచిపెట్టుదురు గాని, మన చరిత్రకు అదియే ముఖ్యము. ఏదేని వర్గము నుండి ఒక్క పదమైనను స్ఫురించినచో, ఆ వర్గములోని తక్కిన పదములు ఇరు తెగలవారికి ఇంచుమించు సమానముగనే వచ్చినవి. సూచన లేనివారు నష్టపోయినది పదమునకు పదముగా కాదు, వర్గమునకు వర్గముగా. వర్గపు తలపే తట్టకపోవుటచే దానిలోనిదంతయు ఒక్కసారిగా మాటుపడినది. వాగ్రూపమైన సంప్రదాయములు నశించు తీరును గమనింపగోరువారు ఈ సంగతిని బాగుగా మనసున ఉంచుకొనవలయును. ఒక పూజ నిలిచిపోయినపుడు ఆ పూజకు చెందిన గాథలో కొన్ని పంక్తులు కావు, గాథయే మాటుపడును. తక్కిన గాథలు గాయకుని నోట మునుపటివలె నిర్దుష్టముగనే పలుకును. వెలుపలివాడు వానిని విని, అంతయు క్షేమముగ నున్నదని భ్రమపడును.

1975లో బ్రిటన్‌లో గాడెన్, బాడ్లీ అను ఇరువురు, నీట మునిగి ఈదువారికి 36 పదములు కొందరికి నీటిలోను, కొందరికి ఒడ్డునను వినిపించి పరీక్షించిరి. ఒడ్డున నేర్చి ఒడ్డుననే చెప్పినవారికి సగటున 13.5 పదములు, నీటిలో చెప్పినవారికి 8.6, నీట నేర్చినవారికి నీట 11.4, ఒడ్డున 8.4. చిరకాలము ఈ అంకెలు అందరు ఉదాహరించిరి. 2021లో ఆ ప్రయోగమును మరల చేసిచూచినపుడు ఆ భేదము కానరాలేదు. దీనివలన సిద్ధాంతము కూలిపోయినదని నేననుకొనను. నీరో ఒడ్డో ఆ పదములకు అర్థముచే సంబంధించినది కాదు, కేవలము పరిసరము. వర్గము పేరట్లు కాదు, పదముతో అర్థముచే ముడిపడినది. కిక్రియు, వంశదేవరయు, పుష్యమాసమును ప్రధానుని గాథకు కేవల పరిసరములు కావు, గాథలోనివే. యుగోస్లావియాలో 1933 నుండి 1935 వరకు మిల్మన్ పారీ వీరగాథలను సేకరించెను. ఆ గాయకులు తమ గుస్లె వాద్యము లేకుండ చెప్పి వ్రాయించవలసి వచ్చినపుడు తడబడుచుండిరనియు, పాదముల లయ చెడి మాట గద్యమునకు దిగజారుచుండెననియు ఆయన శిష్యుడు ఆల్బర్ట్ లార్డ్ 1960 నాటి తన గ్రంథమున వ్రాసెను. గుస్లెకు కిక్రి దూరపు బంధువు కాదని యెవరనగలరు?

ఇక మన కొండల చరిత్రకు వత్తము. 1940కి ముందటి దశాబ్దములలో నిజాము ప్రభుత్వము అడవులకు హద్దులు గీసి రిజర్వు చేయుటతో గోండు గూడెములు పెక్కు ఖాళీ చేయింపబడినవి. గూడెము కదలుట యనగా గుడిసె కదలుట మాత్రమే కాదు. పూజలు జరుగు చెట్లు, దేవరను కడుగు వాగులు, పెద్దల సమాధిశిలలు, అన్నియు వెనుక మిగిలినవి. ఆ దుఃఖము నుండియే కొమురం భీము పోరాటము పుట్టి, 1940లో జోడేఘాటులో అతని వీరమరణముతో ముగిసినది. ఒక సంగతి ఇచ్చట గమనింపదగినది: గోండులు భీము వర్ధంతిని ఆంగ్ల తేదీతో కాక, ఆశ్వయుజ పౌర్ణమినాడు జోడేఘాటులో జరుపుదురు. ఆ మాసమున చంద్రుడు నిండగానే ఆ కొండలలో ఆ పేరు దానంతట పెదవులమీదికి వచ్చును. క్యాలెండరు చూచుకొననక్కర లేదు.

ఆ తిరుగుబాటునకు కారణములు తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము మానవశాస్త్రజ్ఞుడగు క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను నియమించినది. ఆస్ట్రియా దేశీయుడగుటచే యుద్ధకాలమున శత్రుదేశీయునిగా పరిగణింపబడి హైదరాబాదు సంస్థానమునకు పరిమితుడై యున్న ఆయన, భార్య బెట్టీతో కూడ మార్లవాయిలో గుడిసె వేసికొని నివసించెను. 1943లో అచ్చట గోండు ఉపాధ్యాయులకు శిక్షణకేంద్రము వెలసినది. గోండీ పాఠపుస్తకములు దేవనాగరి లిపిలో అచ్చయినవి. ప్రధానులచే పాడించుకొని విన్న గాథలతో, కనులార చూచిన పూజావిధులతో ఆయన వ్రాసిన ఆదిలాబాదు రాజగోండుల గ్రంథము 1948లో వెలువడినది. ఆ గ్రంథమునందు నేను ముఖ్యముగా మెచ్చుకొనునది, గాథను కర్మనుండి విడదీయకపోవుట. ఏ గాథ ఏ పూజలో ఏ ఘట్టమున వచ్చునో చూపినందున, గాథ మాత్రమే కాక దానిని లేపు నిమిత్తము కూడ కాగితముపై నిలిచినది. ఇట్టి వివేకము తరువాతి సేకర్తలందరికి ఉండినదని చెప్పజాలము. పాటను పాటగా, కథను కథగా విడదీసి, గాయకుని చావడిలో పగటిపూట కుర్చీపై కూర్చుండబెట్టి చెప్పించుకొనిన సంకలనములు మనకు తక్కువ లేవు.

భూమి చేతులు మారుట ఈ మరపునకు మరియొక ద్వారము. దశాబ్దముల తరువాత హైమన్‌డార్ఫ్ దంపతులు మరల ఈ కొండలకు వచ్చి చూచి, 1979లో ఆంధ్రప్రదేశపు గోండులను గూర్చి మరియొక గ్రంథము ప్రకటించునప్పటికి, వలస వచ్చినవారి చేతులలోనికి గోండుల పొలములు పెక్కు పోయియుండెను. పొలము పోయిన యజమాని పెద్దపూజను ఏ బలమున జరుపగలడు? ధాన్యము, బట్టలు, పశువులు దానమిచ్చి ప్రధానుని పిలుచుట అతని వంతు. ఆ పిలుపు రానంతకాలము ప్రధానుని యింట కిక్రి గోడకు వ్రేలాడుచుండును. తండ్రి పాడగా వినని కుమారుడు మరచిపోయినవాడు కాడు, నేర్వనివాడు. కాని తండ్రి మాత్రము మరచినవాడును కాడు, పిలువబడనివాడు. ఈ రెండింటి భేదమును చరిత్రకారులు చెరపివేయరాదు. తండ్రి జీవించియున్నంత కాలము ఆ గాథ ఉన్నది.

1956లో ఆదిలాబాదు ఆంధ్రప్రదేశమున కలియుటతో బడులలో తెలుగు స్థిరపడినది. తెలుగువాడనైన నాకు తెలుగు వ్యాపించుట సంతోషమే. కాని గోండు బాలునకు బడి యొక భాషలోను, పెర్సపేన్ మరియొక భాషలోను జరుగుట వలన, ఒక భాషలో నేర్చినది ఇంకొక భాషలో లేచిరావలసిన కష్టము కలిగినదని ఒప్పుకొనవలెను. భాష వలెనే తావును మారినది. 2012లో కవ్వాలు అభయారణ్యము పులుల రక్షితప్రాంతమైనది. దాని గర్భమున నుండిన కడెము మండలపు రాంపూర్, మైసంపేట గూడెములను ఇటీవల వెలుపలికి తరలించిరి. పులులు బ్రతుకవలసినదే, ప్రజలకు ఇండ్లు, భూములు దొరకుటయు మంచిదే. ఐనను పరిహారము లెక్కించు కాగితములలో చెట్టుకు వెల గలదు, ఆ చెట్టుక్రింద మాత్రమే లేచు కథకు పద్దు లేదు.

గోదావరి దాటి కరీంనగరు, వరంగల్లు సీమలకు పోయినచో ఇదే వృత్తాంతము వేరొక వేషమున కనబడును. అచ్చట పటము గలదు. చింతగింజల జిగురును సుద్దమన్నును పట్టించిన బట్టపై నకాశీలు ఎఱ్ఱని నేలమీద చిత్రించిన పొడవైన పటములను విప్పుచు, పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణమును, ముదిరాజులకు కాకిపడగలవారు పాండవుల కథను, మాదిగలకు డక్కలివారు జాంబపురాణమును చెప్పుచుండిరి. పటము చూచువారికి మాత్రమే కాదు, చెప్పువానికిని ఆధారము. పాతబడిన పటమును నీట కలిపి, క్రొత్తది వ్రాయించుకొనుట ఆచారము. కాలక్రమమున క్రొత్త పటము వ్రాయించుకొను శక్తి కథకులకు తగ్గినది. చేర్యాలలోని నకాశీలు గోడకు వ్రేలాడదీయు చిన్న చిత్రములు వ్రాసి జీవించుచున్నారు. చిత్రకళ బ్రతికినది, అది మిక్కిలి శ్లాఘ్యము. కాని ఒక ఘట్టము మాత్రమే గల పటము తరువాతి ఘట్టమును పిలువజాలదు.

ఇంత చెప్పిన పిమ్మట కేస్లాపూరు మాట చెప్పకుండుట లోపమగును. ఇంద్రవెల్లి మండలములోని ఆ గ్రామమున పుష్య అమావాస్యనాడు మెస్రం వంశీయులు నాగోబాకు మహాపూజ చేయుదురు. దానికి ముందు పాదరక్షలు లేకుండ కాలినడకన జన్నారము మండలములోని హస్తలమడుగునకు పోయి, ఝరి యను పాత్రలో గోదావరి జలము తెత్తురు. పూజకు కావలసిన కుండలను సిరికొండలోని గుగ్గిళ్ల వంశపు కుమ్మరులే చేసియియ్యవలెను. ఆ రాత్రి క్రొత్త కోడండ్రను దేవతకు పరిచయము చేయు భేటింగ్ జరుగును. పరిచయము కానిదే కోడలు వంశమున పూర్తిగా చేరదు. 1940ల దశకమున హైమన్‌డార్ఫ్ ప్రయత్నముచే మొదలైన ప్రజాదర్బారు కూడ ఆ జాతరలో భాగమైనది. ఇచ్చట నడక ఉన్నది, నది ఉన్నది, కుండ ఉన్నది, అమావాస్య ఉన్నది, క్రొత్త కోడలున్నది. ప్రతి వత్సరము ఇవి యన్నియు వరుస తప్పక రాగా, వంశగాథ మరచుటకు అవకాశమెచ్చట? మెస్రంవారి ప్రధానులకు ఇతర వంశముల ప్రధానులకంటె సహజముగా గొప్ప ధారణ యుండుననుట సరికాదు. వారికి పిలుపు తప్పలేదు.

అన్ని మరపులును ఇట్టివే యని నేను చెప్పుటలేదు. కొన్ని నిజముగా క్షయించును. కొన్నింటిని క్రొత్తవి వచ్చి కప్పివేయును. ఎన్నడును సరిగా నాటుకొననివి కొన్ని. రేడియో, చలనచిత్రము, చేతి ఫోను తెచ్చిన పాటలు పాతవానిపై పేరుకొన్నవనుటలో సందేహము లేదు. ఐనను చేతికందనిదానిని లేనిదిగా తీర్మానించుట తొందరపాటు. నార్నూరు మండలములోని గుంజాల గ్రామమున గోండీ భాషకు సొంత లిపిలో వ్రాసిన పాత ప్రతులు ఇండ్లలో భద్రముగా నుండెను. గోండీకి లిపియే లేదని పండితలోకము నమ్మియున్న కాలమునను ఆ ఊరిలో కొలదిమంది పెద్దలు దానిని చదువగలిగియుండిరి. ఆచార్య జయధీర్ తిరుమలరావు మున్నగువారు పోయి అడిగిన పిమ్మటనే అది వెలికి వచ్చినది; 2018లో యూనికోడులో చోటు సంపాదించినది.

కనుక నేడు ఉట్నూరు, జైనూరు, ఖానాపూరు ప్రాంతములలో వృద్ధప్రధానులను కలిసి గాథలు సేకరింపబూనిన యువకులకు ఒక మనవి. లింగాల్ కథ చెప్పుమని అడిగినపుడు వృద్ధుడు గుర్తు లేదనినచో, పుస్తకము మూసి వెడలిపోవలదు. ఆయన ఏ వంశపు ప్రధానో, ఏ గూడెములో కడపట పాడెనో, యజమాని పేరేమో, పూజ ఏ వాగు ఒడ్డున జరిగెనో, నైవేద్యమునకు ముందు ఏమి చేసిరో అడుగవలెను. వీలైనచో పుష్యమాసమున పోవలెను, రాత్రివేళ కూర్చుండవలెను, పెప్రె ఊదగల తోడివానిని పిలిపింపవలెను. కిక్రి తంత్రులు తెగియున్నచో బిగింపించి ఆయన చేతికియ్యవలెను. అప్పుడు ఆయన పాడినది వ్రాసికొనునపుడు, పాడుటకు ముందు ఆయన అడిగినవేవో, చూచిన వైపేదో, ఆగిన చోటేదో, అవియును ఆ పుటలోనే వ్రాసికొనవలెను.